తాటి, ఈత, జీలుగు పూలలో దొరికిన బుల్లి ముక్కుపురుగు కొత్త జాతి అయితే ఏం చేయాలి: సేకరణ నుంచి ప్రచురణ దాకా

"ఈత పూగుత్తి దులిపితే ఆవగింజలంత పురుగులు రాలాయి సార్. ఫొటో పంపుతున్నా, కొత్త జాతేనా?" ప్రతి ఏడూ చలికాలం చివర్లో, చెట్లు పూతకు వచ్చేసరికి, ఈ ప్రశ్న మొదలవుతుంది. ఫొటో చూసి చెప్పలేనని జవాబు రాసీ రాసీ విసుగొచ్చింది. ఎలా చెప్పాలో, చెప్పాక ఏం చేయాలో మొత్తం ఒకచోట రాసేస్తే నయమనిపించింది.

నేను రాసేది ముక్కుపురుగుల గురించి. అందులోనూ తాటిజాతి చెట్ల పూలలో బతికే డెరెలోమిని అనే తెగ గురించి. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు ఉంటాయి. పామాయిల్ తోటల్లో పరాగ సంపర్కం చేసే ఎలీడోబియస్ ఈ తెగదే. మీకు దొరికింది తామర పురుగు అయితే దాన్ని సూదికి గుచ్చరు, గాజు స్లైడు మీద శాశ్వతంగా అమరుస్తారు. అనుమతులు, పోల్చడం, పేరు పెట్టడం, ప్రచురణ లాంటి మెట్లు మాత్రం దానికీ ఇవే.

1. ముందు తేల్చుకోండి: మీకు కొత్తదా, లోకానికి కొత్తదా?

మీరు చూడని పురుగు కొత్త జాతి కాదు. నూట యాభై ఏళ్ల కిందట ఎవరో పేరు పెట్టి, ఏ యూరప్ మ్యూజియం పెట్టెలోనో దాచి ఉండొచ్చు. మొదటి రోజు నుంచీ "దీనికి ఇప్పటికే పేరుంది, అది నాకింకా దొరకలేదు" అనుకుని పని చేయండి. ఎంత వెతికినా దొరకనప్పుడే రెండో మాట.

ముందుగా కొట్టేయాల్సిన పేరు ఎలీడోబియస్ కామెరూనికస్. ఆఫ్రికాకు చెందిన ఈ పురుగును కామెరూన్ నుంచి 1981లో మలేషియాకు, 1985లో కేరళకు తెచ్చి వదిలారు. ఇప్పుడు ఏలూరు జిల్లా నుంచి ఖమ్మం దాకా పామాయిల్ తోటల్లో మగ పూగుత్తి విచ్చుకుంటే చాలు, వేలల్లో మూగుతాయి. పక్కన అలాంటి తోట ఉంటే మీ ఈత చెట్టు మీద రాలింది కూడా అదే కావచ్చు.

ఇందులో ఇంకో చిక్కుంది. దీని మగపురుగు, ఆడపురుగు ఒకేలా ఉండవు. మగది కాస్త పెద్దది, ముక్కు పొట్టి, పైరెక్కల మొదట్లో బుడిపెలుంటాయి. ఆడదానికి ముక్కు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. "రెండు కొత్త జాతులు దొరికాయి" అంటూ నాకు వచ్చిన మెయిళ్లలో ఒకటి తీరా చూస్తే ఆలుమగలు.

2. బయల్దేరే ముందు కాగితాలు

సొంత పొలంలోనో, ఊరి గట్టు మీదో చెట్టయితే యజమాని మాట చాలు. రిజర్వు ఫారెస్టు, అభయారణ్యం, పాపికొండల లాంటి జాతీయ పార్కు అయితే అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క పురుగునూ ముట్టుకోవద్దు. అనుమతి నంబరు రేపు మీ వ్యాసంలో రాయాల్సి ఉంటుంది. పత్రిక అడిగాక వెనక తేదీతో కాగితం పుట్టించడం కుదరదు.

2002 జీవవైవిధ్య చట్టంలో సెక్షన్ 39 చదవండి. కొత్త జాతిని కనుక్కున్నవాళ్లు ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి ఆ సంగతి తెలియజేయాలి, నమూనాలు అక్కడ జమ చేయాలి. జంతువులకు కోల్‌కతాలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటి సంస్థ. వ్యవసాయంతో ముడిపడిన కీటకాలకు బెంగళూరులో ఎన్‌బీఏఐఆర్ (జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో) ఉంది. ఏ సంస్థలో పెడతారో సేకరణకు ముందే వాళ్లతో మాట్లాడుకోండి.

విదేశీ నిపుణుడికి నమూనా పంపాలన్నా, డీఎన్ఏ పంపాలన్నా చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నియమాలు చూసుకున్నాకే. "చిన్న పురుగే కదా" అని కవర్లో పెట్టి పోస్టులో వేసినవాళ్లు నాకు తెలుసు. ఆ తర్వాత పడిన టెన్షన్ కూడా తెలుసు.

3. పూగుత్తి దగ్గర

చెట్టెక్కడం మన పని కాదు. మోకు కట్టి రోజూ ఎక్కే గీత కార్మికుడిని బతిమాలుకోండి, ఆ పూట కూలి ఇవ్వండి. పురుగు సంగతి కూడా మనకంటే వాళ్లకే ముందు తెలుసు. మన్యంలో ఒక జీలుగు చెట్టు కింద నేను తెల్లగుడ్డ పరిచి హడావుడి పడుతుంటే, గీసేవాడు పైనుంచి అన్నాడు: "ఇయ్యాల ఏటీ దొరకవు సారూ. రేపు పువ్వు ఇచ్చుకుంటాది, అప్పుడు రా." మర్నాడు వెళ్తే గుడ్డ నల్లబడేటన్ని రాలాయి.

ఆయన చెప్పిందే ఇక్కడ ముఖ్యం. మగపూలు విచ్చుకుని వాసన వదిలే కొద్ది రోజులే ఈ పురుగులకు పండగ. పామాయిల్ మగ పూగుత్తి అప్పుడు సోంపు వాసన వేస్తుంది. మొగ్గ మీద వెతికినా, వాడిన గుత్తి మీద వెతికినా అరకొరే.

ఈ వరుసలో చేయండి:

– గుత్తిని కదపకముందే పెద్ద పాలిథిన్ సంచి తొడిగి మూతి కట్టేయమనండి. కదిపితే సగం ఎగిరిపోతాయి.
– సంచిలోనే దులిపించి కిందికి దించండి. తెల్లగుడ్డ మీద కుమ్మరించి, ఆస్పిరేటర్‌తో (పురుగుల్ని గొట్టంలోంచి సీసాలోకి పీల్చే సాధనం) పీల్చి పట్టండి. వేళ్లతో పట్టుకుంటే కాళ్లు విరుగుతాయి.
– ఆడ పూగుత్తి, మగ పూగుత్తి విడివిడి సీసాలు. తాటి, ఈతల్లో ఆడచెట్టు, మగచెట్టు వేరు కాబట్టి తేలిక. జీలుగులో ఆడ, మగ పూలు ఒకే గెలలో ఉంటాయి, కాబట్టి అప్పుడు ఏ దశ నడుస్తోందో రాసుకోండి.
– కొన్ని మగపూల రెమ్మలు గాలి ఆడే డబ్బాలో, గుడ్డ మూతతో, ఇంటికి తెచ్చి ఉంచండి.
– పురుగు పూల మీద ఉన్నప్పటి ఫొటో, చెట్టు ఫొటో, జీపీఎస్ అంకెలు.

డబ్బా సంగతి చాలామంది వదిలేస్తారు. పూల మీద వాలిన పురుగల్లా ఆ చెట్టులో పెరిగిందని కాదు, తేనెకో పుప్పొడికో వచ్చి పోయేవి బోలెడు. రెమ్మలోంచి పెద్ద పురుగు బయటికొస్తేనే ఆ చెట్టు దాని ఇల్లని రాయగలం. ఎలీడోబియస్‌కు రెండు మూడు వారాలు చాలు. మీదానికి నెల పట్టినా ఓపిక పట్టండి.

ఒక్క హెచ్చరిక. డబ్బాలోంచి అప్పుడే వచ్చిన పురుగు లేత పసుపు రంగులో, మెత్తగా ఉంటుంది. రంగు ముదరడానికి కొన్ని రోజులు పడుతుంది. లేత పురుగు రంగు చూసి "ఇంకో జాతి" అనుకున్న చరిత్ర నాకూ ఉంది. వచ్చిన వెంటనే చంపకుండా తాజా పూలమీద కొద్ది రోజులు ఉంచండి.

4. దాచడం, గుచ్చడం, లేబుల్ రాయడం

సగం పురుగులు 95 శాతం ఆల్కహాల్‌లోకి, ఫ్రీజర్‌లోకి. ఇవి డీఎన్ఏకు. మిగతా సగం ఇథైల్ అసిటేట్ ఆవిరితో చంపి సూదికి. అసలైన ఆల్కహాల్ కాలేజీల్లో దొరకడమే ఒక ప్రహసనం, ఎక్సైజు లెక్కలుంటాయి. శానిటైజర్‌తో సరిపెట్టకండి. అందులోని గ్లిజరిన్, రంగు, వాసన పదార్థాలు నమూనాను జిగటగా చేస్తాయి.

ఇంత చిన్న పురుగుకు సూది నేరుగా గుచ్చకూడదు. దళసరి అట్టను కొన తేలిన చిన్న త్రికోణంగా కత్తిరించి, వెడల్పు వైపు సూది గుచ్చండి. కొన మీద చుక్క జిగురు పెట్టి పురుగు కుడి పక్కను అంటించండి. అడుగు భాగం, కాళ్లు, ముక్కు కనిపించాలి. జిగురు నీళ్లలో కరిగేదై ఉండాలి, ఫెవిక్విక్ వద్దు. రేపు విప్పాలంటే పురుగు కాదు, ముక్కలే వస్తాయి.

లేబుల్ లేని నమూనా చెత్తబుట్టకే. ఇంగ్లిష్‌లో, యాసిడ్ లేని కాగితం మీద, చెరగని ఇంకుతో రాయండి. అందులోని విషయం ఇలా ఉండాలి:

ఇండియా: ఆంధ్రప్రదేశ్, అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి దగ్గర, 17.87° ఉత్తరం, 82.35° తూర్పు, 840 మీ., 14.iii.2024, జీలుగు మగపూల నుంచి, సేకరించినవారి పేరు.

నెలకు రోమన్ అంకె ఎందుకంటే 4.3 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా అన్న గొడవ రాదు. జిల్లా పేర్లు మారుతున్నాయి కాబట్టి అక్షాంశ రేఖాంశాలు తప్పనిసరి. పాత లేబుళ్లలో "విశాఖపట్నం జిల్లా" అని చూసి ఆ ఊరు ఇప్పుడు ఎక్కడుందో వెతికే పని మీ తర్వాతివాళ్లకు పెట్టకండి.

గోదావరి వైపు వానాకాలం పెట్టెకు శత్రువు. పెట్టెలో కలరా ఉండలు, గదిలో తేమ లాగేసే ఏర్పాటు ఉండాలి. బల్ల కాళ్ల కింద నీళ్లు పోసిన గిన్నెలు పెట్టండి. నా మొదటి పెట్టెలో నలభై నమూనాల్ని చీమలు ఒక్క రాత్రిలో ఊడ్చేశాయి, సూదులు, లేబుళ్లు మిగిల్చాయి. లేబుళ్లు మాత్రం చాలా చక్కగా రాసుకున్నాను.

5. పోల్చడం: పనంతా ఇక్కడే

ఆరు నెలలు పట్టినా సరే, ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. కొత్త జాతి అని అచ్చయి తర్వాత పాత పేరుకింద కలిసిపోయినవన్నీ దాదాపుగా ఇక్కడ జారినవే.

క్రమం ఇది. తెగ తేల్చండి, తర్వాత ప్రజాతి (జీనస్), ఆ తర్వాతే జాతి. ప్రజాతి తప్పితే పోల్చే జాతులన్నీ తప్పే. మీసాల్లో కాడకూ గుబ్బకూ మధ్యనున్న ముక్కలెన్నో లెక్కపెట్టండి. మీసం ముక్కు మీద ఎక్కడ మొలిచిందో, పక్క నుంచి చూస్తే ముక్కు వంపు ఎలా ఉందో, వక్షఫలకం (తల వెనకుండే పలక) పక్క అంచు పదునుగా ఉందా గుండ్రంగా ఉందా చూడండి. ముంగాలి పిక్క చివర ముల్లు, గోళ్ల మొదట్లో పన్ను ఉన్నాయా లేవా నోట్ చేసుకోండి. ప్రజాతుల్ని విడదీసే కీల్లో (గుర్తింపు ప్రశ్నావళుల్లో) అడిగే ప్రశ్నలు ఎక్కువగా ఇవే.

తర్వాత ఆ ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద ఉన్న జాతుల జాబితా తయారు చేయండి. భారతదేశంలోవి మాత్రమే చూస్తే చాలదు. తాటిజాతి చెట్లు మనుషులతో ప్రయాణం చేశాయి, పురుగులు వాటితో పాటు ప్రయాణం చేశాయి. శ్రీలంక, మయన్మార్, మలేషియా, ఆఫ్రికా జాతులు జాబితాలో ఉండాల్సిందే. మధ్యధరా ప్రాంతంలో పొట్టి పామ్ పూలను పట్టుకుని బతికే డెరెలోమస్ కామెరోపిస్‌కు 18వ శతాబ్దంలోనే పేరు పడింది. అంత పాత సాహిత్యం కూడా వెతకాలి.

ఆ పాత వ్యాసాలు లాటిన్‌లో, ఫ్రెంచ్‌లో, జర్మన్‌లో ఉంటాయి. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో చాలావరకు ఉచితంగా దొరుకుతాయి. అనువాద యంత్రాన్ని వాడుకోండి కానీ నమ్మకండి. శరీర భాగాల పేర్ల దగ్గర అది తడబడుతుంది. లాటిన్ వివరణ నాలుగు వాక్యాలే కాబట్టి నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చుంటే ఒక పూటలో అయిపోతుంది.

పాత వివరణలు ఎంత పొట్టిగా ఉంటాయంటే "గోధుమ రంగు, ముక్కు వంపు, పైరెక్కలపై గీతలు" అని ఉంటే ఆ మాట ఇరవై జాతులకు సరిపోతుంది. అప్పుడు టైప్ నమూనా, అంటే ఆ పేరుకు ఆధారమైన అసలు పురుగు, చూడక తప్పదు. లండన్, పారిస్, డ్రెస్డెన్ మ్యూజియంల క్యూరేటర్లకు మర్యాదగా మెయిల్ రాయండి. పైనుంచి, పక్కనుంచి, ముక్కు దగ్గర ఫొటోలు కావాలని స్పష్టంగా అడగండి. రెండు నెలలకో జవాబొస్తుంది, రాకపోతే మళ్లీ ఒకసారి రాయండి. మనవాళ్లు ఇక్కడే "టైప్ అందుబాటులో లేదు" అని ఒక వాక్యం రాసి దాటేస్తారు. సమీక్షకులు మొదట పట్టుకునేది ఆ వాక్యాన్నే.

ఒక పట్టిక గీయండి. అడ్డంగా జాతులు, నిలువుగా లక్షణాలు. ప్రతి గడిలో మీరు కళ్లారా చూసింది ఒక రంగులో, చదివి రాసింది ఇంకో రంగులో రాయండి. మీ పురుగుకూ దగ్గరి జాతికీ మధ్య తేడా అంతా చదివిన రంగులోనే ఉంటే మీ పని అవ్వలేదని అర్థం.

ముందుకు వెళ్లే ముందు:

☐ ప్రజాతి ఏదో కనీసం ఒక నిపుణుడు ఒప్పుకున్నారా?
☐ ప్రపంచ జాబితాలోని ప్రతి పేరూ చూశారా, పర్యాయ నామాలతో సహా?
☐ దగ్గరి రెండు మూడు జాతుల టైపులో, వాటి ఫొటోలో చూశారా?
☐ తేడా పది నమూనాల్లోనూ ఉందా, ఒక్కదానిలోనేనా?
☐ ఆ తేడా ఆడ, మగ తేడా కాదని తేల్చారా?

నాలుగో గడి దగ్గర ఆగిపోయే నిజాయితీ ఉండాలి. ఒక్క నమూనాతో జాతి వివరించడానికి నామకరణ నియమాలు ఒప్పుకుంటాయి. నేను మాత్రం ఒప్పుకోను. వేలల్లో దొరికే పూలపురుగుకు ఒక్కటే దొరికిందంటే మీరు సరైన రోజున వెళ్లలేదని అర్థం.

6. లోపలి అవయవాలు విప్పడం

ముక్కుపురుగుల్లో పైకి అచ్చం ఒకేలా కనిపించే జాతుల్ని మగదాని జననాంగం, ఆడదాని వీర్యసంచి విడదీసి చూపిస్తాయి. ఇది రాకుండా ఈ పని చేయలేరు. ముందు పామాయిల్ తోటలోని ఎలీడోబియస్ మీద ఇరవై సార్లు సాధన చేయండి. అవి ఎన్ని కావాలంటే అన్ని.

1) ఎండిన పురుగును వేడినీళ్లలో నానబెట్టి మెత్తబరచండి. అట్ట మీద నుంచి దానంతటదే ఊడుతుంది.

2) మైక్రోస్కోప్ కింద, సన్న సూదులతో ఉదరాన్ని మాత్రం విడదీయండి. మిగతా ఒంటిని తిరిగి అట్టకు అంటించేయండి, పక్కన పెట్టి మర్చిపోతే పోతుంది.

3) ఉదరాన్ని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో రాత్రంతా నాననివ్వండి. తొందరైతే వేడినీళ్ల గిన్నెలో సీసా నిలబెట్టి పది, పదిహేను నిమిషాలు. నేరుగా మంట మీద వద్దు. కళ్లకు అద్దాలు పెట్టుకోండి, చర్మాన్ని కాల్చే ద్రావణమది.

4) కండ కరిగి, పెంకు మిగులుతుంది. నీళ్లలో కడిగి, ఒక చుక్క వెనిగర్ కలిపిన నీళ్లలో ఇంకోసారి కడగండి. క్షారం మిగిలిపోతే నెమ్మదిగా తినేస్తూనే ఉంటుంది.

5) గ్లిజరిన్ చుక్కలోకి మార్చి, ఉదరం పక్క అంచున చీల్చి లోపలి భాగాలు బయటికి తీయండి.

6) పైనుంచి, పక్కనుంచి రెండు దిక్కులా గీయండి. పక్క నుంచి చూసిన వంపు గీయకపోవడం సర్వసాధారణమైన తప్పు. కొన్నిసార్లు జాతుల తేడా ఆ వంపులోనే ఉంటుంది.

7) పని అయ్యాక గ్లిజరిన్ నింపిన బుల్లి సీసాలో వేసి, అదే పురుగు సూదికి గుచ్చండి. వేరే డబ్బాలో పెడితే ఏది దేనిదో మీకే తెలియదు.

వచ్చే చిక్కులు, వాటి విరుగుడు:

పెంకు పారదర్శకమై ఏదీ కనపడకపోతే ఎక్కువసేపు నానిందన్నమాట. క్లోరజాల్ బ్లాక్ అనే రంగు కొద్దిగా తగిలిస్తే పొరలు కనిపిస్తాయి. వీర్యసంచి దొరకకపోతే అది పోలేదు, చిన్న కొక్కెంలా కడిగిన నీళ్లలోనే ఉంటుంది. అందుకే అన్నీ దొరికేదాకా నీళ్లు పారబోయకండి. జననాంగం ఒక్కో బొమ్మలో ఒక్కోలా కనిపిస్తే జాతి మారలేదు, మీరు పెట్టిన కోణం మారింది.

7. డీఎన్ఏ: సాక్షి, తీర్పరి కాదు

సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువులో 658 అక్షరాల ముక్కను బార్‌కోడ్‌గా వాడతారు. పురుగును నూరకుండా ఒంటి నుంచే డీఎన్ఏ తీసే పద్ధతులున్నాయి, వాటినే అడగండి. మీ కాలేజీలో ల్యాబు లేకపోతే డబ్బులిచ్చి చేయించుకోవచ్చు.

"రెండు శాతం తేడా ఉంది కాబట్టి కొత్త జాతి" అనే సూత్రం ఎక్కడా లేదు. ఆ సంఖ్యకు ముక్కుపురుగుల దగ్గర ప్రత్యేక పవిత్రత ఏమీ లేదు. రూపంలో తేడా, బార్‌కోడ్‌లో తేడా రెండూ ఒకే దిక్కు చూపిస్తే ధైర్యంగా రాయండి. చూపకపోతే నమూనాలు పెంచండి. వచ్చిన అక్షరమాల పురుగుదేనా, దాని కడుపులోని నులిపురుగుదా అన్నది కూడా జెన్‌బ్యాంక్‌లో (డీఎన్ఏ వరుసల ఆన్‌లైన్ నిధి) సరిచూడండి.

8. కొలతలు, ఫొటోలు

ఐపీస్‌లో కనిపించే గీతలు మిల్లీమీటర్లు కావు. ప్రతి మాగ్నిఫికేషన్‌కూ స్టేజి మైక్రోమీటర్‌తో (కచ్చితమైన కొలత గీతలున్న స్లైడు) విడిగా లెక్క కట్టాలి. ముక్కుపురుగు పొడవును కంటి ముందు అంచు నుంచి పైరెక్కల చివరిదాకా కొలవడం ఆనవాయితీ. ముక్కును కలపరు, దాని పొడవు వేరే ఇస్తారు. మీరు కలిపి కొలిస్తే మీ పురుగు దగ్గరి జాతి కంటే ఉత్తపుణ్యానికి పెద్దదైపోతుంది.

మగవి పది, ఆడవి పది కొలవండి. కనిష్ఠం, గరిష్ఠం, సగటు ఇవ్వండి.

ఫొటోకు వేర్వేరు ఫోకస్‌లతో ఇరవై ముప్పై తీసి సాఫ్ట్‌వేర్‌తో కలపాలి. ప్రతి ఫొటో మీద స్కేలు గీత ఉండాలి. ఫోన్‌కు క్లిప్పు లెన్స్ పెట్టి తీసినవి చెట్టు దగ్గర జ్ఞాపకానికి బాగుంటాయి, వ్యాసానికి పనికిరావు. వెలుతురు నేరుగా పడితే పెంకు మీద తెల్లటి మచ్చ వస్తుంది. ట్రేసింగ్ కాగితాన్ని గొట్టంలా చుట్టి పురుగు చుట్టూ నిలబెడితే ఆ మచ్చ పోతుంది. రూపాయి ఖర్చుతో తేలే సమస్యకు వేల రూపాయల లైట్లు కొనకండి.

9. హోలోటైప్ ఎంచుకోవడం

హోలోటైప్ అంటే ఆ పేరును మోసే ఒకే ఒక్క పురుగు. అందమైనది కాదు, లక్షణాలన్నీ కనిపించేది, ఏ భాగమూ పోనిది ఎంచుకోండి. మగ జననాంగమే తేడా చూపిస్తే మగపురుగే హోలోటైప్ కావాలి.

దాని సూదికి ఎర్ర లేబుల్ గుచ్చుతారు. మిగతావి పారాటైపులు. హోలోటైప్‌ను ఎక్కడ ఉంచారో సంస్థ పేరు, ఊరు వ్యాసంలో రాయకపోతే పేరు చెల్లదు. 1999 తర్వాత పెట్టిన పేర్లకు అంతర్జాతీయ నామకరణ నియమావళి పెట్టిన షరతు అది. "రచయిత దగ్గర ఉంది" అని రాయడం చట్టరీత్యా కూడా చిక్కే, రెండో మెట్టులో చెప్పాను. పారాటైపులు రెండు మూడు సంస్థలకు పంచండి. అగ్నిప్రమాదం ఒకచోటే జరుగుతుంది.

10. పేరు పెట్టడం

అందరికీ ఇష్టమైన మెట్టు, అందుకే తప్పులూ ఎక్కువ. చెట్టు పేరుతో పెట్టాలంటే జీలుగుకు కారియోటే, తాటికి బొరాస్సి, ఈతకు ఫీనిసిస్ అని షష్ఠీ విభక్తిలో వస్తుంది. గోదావరి పేరు కావాలంటే గోదావరియెన్సిస్. మగవాళ్ల గౌరవార్థం అయితే చివర "ఐ", స్త్రీ అయితే "ఏఈ" అక్షరాలు. మీ అమ్మ పేరు పెట్టి చివర మగ ప్రత్యయం తగిలించిన వ్యాసాన్ని సమీక్షించే దుస్థితి నాకు మళ్లీ రానివ్వకండి.

విశేషణమైతే ప్రజాతి లింగంతో కలవాలి. డెరెలోమస్ పుంలింగం కాబట్టి రూఫస్ అనాలి, రూఫా అనకూడదు. షష్ఠీ విభక్తి పేర్లు మారవు.

సొంత పేరు పెట్టుకోవద్దు. నియమావళి దాన్ని పేరు చెప్పి నిషేధించలేదు గానీ, జీవితాంతం నవ్వుతారు. అదే ప్రజాతిలో ఆ పేరు ఇంతకుముందు ఎవరైనా వాడారేమో చూడండి. మొదట అక్కడ పెట్టి తర్వాత వేరే ప్రజాతికి మార్చిన పేర్లూ లెక్కలోకి వస్తాయి.

అచ్చయ్యేదాకా ఆ పేరు ఎవరికీ చెప్పకండి. వాట్సాప్ గ్రూపుల్లో, సదస్సు సంక్షిప్తాల్లో, లైబ్రరీలో పెట్టిన థీసిస్‌లో వచ్చిన పేరు చెల్లదు గానీ గందరగోళం మాత్రం మిగులుతుంది. విలేకరి ఫోన్ చేస్తే "వ్యాసం వచ్చాక మాట్లాడతాను" అనండి చాలు.

11. వివరణ రాయడం

ఇందులో రెండు వేర్వేరు భాగాలుంటాయి. మొదటిది తేడాల పేరా: ఈ జాతిని దగ్గరివాటి నుంచి ఎలా గుర్తుపట్టాలి. రెండోది పూర్తి వర్ణన. ఆ తేడాలు చెప్పే మాట లేకుండా పేరు చెల్లదు, చదివేవాళ్లు చదివేదీ అదే.

పనికిరానిది: "చిన్నది, గోధుమ రంగు, ముక్కు పొడవు, మిగతా జాతులకు భిన్నం."

పనికొచ్చేది, ఊహాత్మక ఉదాహరణ: "మగపురుగు ముక్కు వక్షఫలకం కంటే 1.2 రెట్లు పొడవు, దగ్గరి జాతిలో 0.9 రెట్లు. పైరెక్కల మూలల్లో బుడిపె లేదు, దగ్గరి జాతిలో ఉంది. జననాంగం కొన గుండ్రం, దగ్గరి జాతిలో మొన తేలి ఉంటుంది."

ప్రతి వాక్యంలో "ఇందులో ఇలా, అందులో అలా" ఉందో లేదో చూసుకోండి. వర్ణన ముక్కు నుంచి తోక దాకా ఒకే వరుసలో, ఒకే పదజాలంతో సాగాలి. ఒకచోట "పొలుసు", ఇంకోచోట "వెంట్రుక" అంటే రెండూ వేరని చదివేవాళ్లు అనుకుంటారు. హోలోటైప్ వర్ణన వేరు, పారాటైపుల్లో కనిపించిన వైవిధ్యం వేరు. కలిపేయకండి.

తర్వాత ఎక్కడ దొరికింది, ఏ చెట్టు, ఏ పూలు, పెంపకంలో బయటికొచ్చిందా అన్నవి. మూడో మెట్టులో ఉంచిన డబ్బా ఇక్కడ అక్కరకొస్తుంది.

12. పంపడం

జూటాక్సా, జూకీస్ లాంటివి ఈ పనికే ఉన్న పత్రికలు. మన దేశంలో కోయంబత్తూరు నుంచి వచ్చే జర్నల్ ఆఫ్ త్రెటెండ్ టాక్సా ఉంది. డబ్బు కడితే వారంలో వేస్తామనే పత్రికల జోలికి పోవద్దు. సమీక్ష లేకుండా వచ్చిన పేరు కూడా నియమాల ప్రకారం చెల్లిపోవచ్చు, అదే ప్రమాదం. తప్పులతో సహా అది శాశ్వతంగా మీ పేరు మీద ఉంటుంది.

ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రిక అయితే జూబ్యాంక్‌లో (జంతువుల పేర్ల అధికారిక రిజిస్టరు) ముందుగా నమోదు కావాలి. ఆ నమోదు ఆనవాలు, ప్రచురణ తేదీ వ్యాసంలోనే కనపడాలి. 2012 నుంచి నియమం ఇది. సాధారణంగా పత్రికే చేస్తుంది, అయినా ప్రూఫులో కళ్లారా చూసుకోండి.

ప్రూఫు దిద్దేటప్పుడు:

☐ కొత్త జాతి అని స్పష్టంగా ప్రకటించారా?
☐ పేరు స్పెల్లింగ్ శీర్షిక, పాఠం, బొమ్మల కింద ఒకేలా ఉందా?
☐ హోలోటైప్ ఉంచిన సంస్థ, ఊరు, నమోదు సంఖ్య ఉన్నాయా?
☐ అనుమతి నంబరు ఉందా?
☐ స్కేలు గీతలు సరైన బొమ్మ మీదే ఉన్నాయా?

రెండో గడిని మూడుసార్లు చూడండి. తేడా స్పెల్లింగులు అచ్చయిపోతే తర్వాత ఏది అసలుదో తేల్చడానికి ఇంకో వ్యాసం కావాలి.

13. అచ్చయ్యాక

వ్యాసం కాపీని భాండాగారానికి పంపి, సెక్షన్ 39 కింద సమాచారం ఇచ్చిన కాగితం దాచుకోండి. జెన్‌బ్యాంక్‌లో "గుర్తుతెలియని జాతి" అని పెట్టిన బార్‌కోడ్‌కు కొత్త పేరు చేర్చండి. చెట్టెక్కినాయనకు ఒక ఫొటో ప్రింటు ఇవ్వండి, వచ్చే ఏడు మళ్లీ ఆయనే ఎక్కాలి.

ఎవరైనా మీ జాతి పాతదేనని రుజువు చేస్తే టైపులు అడిగిన రోజునే చూపించండి, వాదించేది తర్వాత.

మీ దగ్గర మిగిలిన పారాటైపుల పెట్టెను జూన్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి తెరవండి. బూజు కనిపిస్తే సన్న కుంచెను ఆల్కహాల్‌లో ముంచి తుడవండి, కలరా ఉండలు అరిగిపోతే మార్చండి, గిన్నెల్లో నీళ్లు ఇంకిపోయాయేమో చూడండి.